వడ్డించేవాడు లేని బంతి: పీర్ టు పీర్ పద్ధతిలో ఫైళ్ళ పంపకం

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిని కూర్చున్నా ఫరవాలేదని సామెత. కంప్యూటర్ల లోకంలో ‘సర్వరు’ అనే మాటకు కూడా వడ్డించేవాడనే అర్థం. మనం ఇంట్లో కూర్చుని ఒక దినపత్రికను తెర మీద చదివినా, బ్యాంకు ఖాతాలో నిలువ చూసుకున్నా, ఎక్కడో ఒక భవనంలో ఉన్న సర్వరు మనం అడిగినది వడ్డిస్తుంది, మనం స్వీకరిస్తాం. అడిగే యంత్రాన్ని క్లయింటు అంటారు. ఇంటర్నెట్టు వ్యవహారంలో అధిక భాగం ఈ రెండు పాత్రల మధ్యనే నడుస్తుంది.

ఈ పద్ధతికి సహజమైన పరిమితి ఒకటి ఉంది. బంతిలో నలుగురుంటే వడ్డన సుఖంగా సాగుతుంది. నాలుగు వందల మంది ఒక్కసారిగా కూర్చుంటే, వడ్డించేవాడు ఎంత చురుకైనవాడైనా కడబంతివారికి పప్పు చేరేసరికి మొదటి వారు పెరుగన్నంలో ఉంటారు. దీన్ని అంకెల్లో చూద్దాం. ఒక సీడీలో పట్టే ఫైలు పరిమాణం సుమారు 700 మెగాబైట్లు. బైటుకు ఎనిమిది బిట్లు కాబట్టి అది 5,600 మెగాబిట్లు. క్షణానికి, అనగా సెకనుకు, 10 మెగాబిట్లు పంపగల సర్వరు ఒకటి ఉందనుకుందాం. ఒక్కరికి ఆ ఫైలు పంపడానికి దానికి 560 సెకన్లు, అంటే పది నిమిషాల లోపే పడుతుంది. అదే ఫైలును నూరుగురు అడిగితే 56,000 సెకన్లు కావాలి. అంటే పదిహేనున్నర గంటలు. అడిగేవారు పెరిగిన కొద్దీ సర్వరు కుంగిపోతుంది. పరీక్షా ఫలితాలు వెలువడిన ఉదయం ఆ వెబ్‌సైటు తెరుచుకోక తల్లిదండ్రులు పడే ఆందోళనకు కారణం ఇదే.

ఈ చిక్కుకు ఒక పరిష్కారం ఇంకా పెద్ద సర్వర్లను, ఇంకా ఎక్కువ సర్వర్లను కొనడం. ధనమున్న సంస్థలు చేసేది అదే. రెండవ పరిష్కారం బంతిలో కూర్చున్నవారే ఒకరికొకరు వడ్డించుకోవడం. దీనికే ‘పీర్ టు పీర్’ అని పేరు. పీర్ అంటే సాటివాడు. సాటివారి నుంచి సాటివారికి అని దాని భావం. ఇందులో ఏ యంత్రమూ కేవలం అడిగేది కాదు, కేవలం ఇచ్చేదీ కాదు. ప్రతి యంత్రమూ ఏకకాలంలో రెండు పాత్రలనూ ధరిస్తుంది. ఈ ఒక్క విషయాన్ని పాఠకులు గట్టిగా గుర్తుంచుకోవాలని నా మనవి. ఈ పద్ధతికున్న బలమంతా ఇందులోనే ఉంది. ఈ దేశంలో కొందరు గృహస్థులకు న్యాయవాదుల ఉత్తరాలు రావడానికి కారణమూ ఇందులోనే ఉంది.

ముందు పని తీరును ఇంటి ఉదాహరణతో చూద్దాం. మీ చేతిలోని ఇటువంటి సంచికే ఒకటి నూరు పేజీలతో తయారయిందనీ, ప్రతి ఒక్కటే ఉందనీ, అది కార్యదర్శి గారి వద్ద ఉందనీ అనుకోండి. జురాంగ్, ఉడ్‌లాండ్స్, టాంపనీస్, సెంగ్‌కాంగ్, పుంగోల్ మొదలైన చోట్ల ఉన్న పది కుటుంబాలకు అది కావాలి. కార్యదర్శి గారే అందరికీ ఫోటోకాపీలు తీస్తే ఆయన వేయి పేజీలు తీయాలి. అలా కాక ఆయన మొదటి పది పేజీలు జురాంగ్ వారికి, తరువాతి పది ఉడ్‌లాండ్స్ వారికి, ఆ తరువాతి పది మరొకరికి, ఇలా పంచి, ‘మిగిలినవి మీలో మీరు చూసుకోండి’ అన్నారనుకోండి. ఆయన తీసినవి నూరు పేజీలే. ఆ పైన ప్రతి కుటుంబమూ తన పది పేజీలను తక్కిన తొమ్మిది కుటుంబాలకు తీసి ఇస్తే, ఒక్కొక్కరు 90 పేజీలు తీస్తారు. చివరకు అందరి దగ్గరా నూరు పేజీలూ ఉంటాయి. మొత్తం శ్రమ తగ్గలేదు, అదే వేయి పేజీలు. కాని భారం ఒక్కరి మీద పడలేదు, పైగా పదకొండు యంత్రాలు ఒకేసారి పనిచేశాయి. కుటుంబాలు పది కాక నూరయితే? అడిగే చేతులు పెరిగినట్లే ఇచ్చే చేతులూ పెరుగుతాయి. ఇందాకటి లెక్కలో నూరుగురి వద్దా సెకనుకు 10 మెగాబిట్లు పంపగల కనెక్షను ఉంటే, సిద్ధాంత రీత్యా అందరికీ ఆ 560 సెకన్లలోనే ఫైలు చేరిపోవచ్చు. ఆచరణలో అంత ఆదర్శంగా జరగదు. కాని గంటలు నిమిషాలుగా మారడం మాత్రం నిజం.

ఈ ఆలోచన పూర్తిగా కొత్తదేమీ కాదు. 1990లలో ప్రవాసాంధ్రులు ఎస్.సి.ఐ.టి. అని ముద్దుగా పిలుచుకున్న యూజ్‌నెట్ వేదికలో, తెలుగు అక్షరాలు తెర మీద కనబడని ఆ రోజుల్లో, ఇంగ్లీషు లిపిలో తెలుగు రాసుకుంటూ పద్యాల గురించి వాదించుకునేవారు. ఆ యూజ్‌నెట్‌కు కేంద్రమంటూ లేదు. ఒక విశ్వవిద్యాలయపు యంత్రం తన దగ్గరికి వచ్చిన ఉత్తరాన్ని పొరుగు యంత్రానికి, అది తన పొరుగుకు అందించేది. అయితే అక్కడ ఇచ్చిపుచ్చుకున్నవి సంస్థల యంత్రాలు. సామాన్యుని ఇంటి కంప్యూటరు ఈ పనిలోకి దిగింది 1999లో.

ఆ సంవత్సరం జూన్‌లో షాన్ ఫానింగ్ అనే అమెరికన్ యువకుడు నాప్‌స్టర్ అనే ప్రోగ్రామును విడుదల చేశాడు. ఎవరి కంప్యూటరులో ఏ పాట ఉందో తెలిపే జాబితా నాప్‌స్టర్ సర్వరులో ఉండేది. పాట మాత్రం ఒకరి ఇంటి నుంచి మరొకరి ఇంటికి నేరుగా వెళ్ళేది. జాబితా ఒకే చోట ఉండడం వల్ల వెతకడం సులువు. దావా వేయడమూ అంతే సులువు. పాటల కంపెనీలు వేసిన వ్యాజ్యంలో ఓడి, 2001 జులైలో నాప్‌స్టర్ ఆగిపోయింది. ఈ లోగా 2000 మార్చిలో నటెల్లా వచ్చింది. అందులో కేంద్ర జాబితా కూడా లేదు. నాకు ఫలానా ఫైలు కావాలని పొరుగు యంత్రాలను అడిగితే, అవి తమ పొరుగులను, ఆ పొరుగులు తమ పొరుగులను అడిగేవి. ఊరంతా చాటింపు వేసినట్లన్నమాట. దావా వేయడానికి కేంద్రం లేదు సరే, కాని అడిగేవారు ఎక్కువైతే చాటింపుల రొదతోనే దారులు నిండిపోయేవి. అప్పుడే వచ్చిన మరొక ప్రోగ్రాము కజా. దాని కర్తలైన నిక్లాస్ జెన్‌స్ట్రోమ్, యానస్ ఫ్రీస్ అనే వారే 2003లో స్కైప్‌ను ప్రారంభించారు. గుంటూరులోనో వరంగల్లులోనో ఉన్న అమ్మానాన్నలతో ఆదివారం సాయంత్రం గంటసేపు ఖర్చు లేకుండా మాట్లాడగలిగామంటే, ఆ తొలి సంవత్సరాల్లో దానికి ఆధారం ఈ పీర్ టు పీర్ పద్ధతే. 2012లో ఆ భారాన్ని మైక్రోసాఫ్టు తన సర్వర్లకు మార్చుకుంది. 2025 మే నెలలో స్కైప్‌నే మూసివేసింది.

మన విషయానికి అన్నిటికంటె ముఖ్యమైనది బిట్‌టొరెంట్. బ్రామ్ కోహెన్ అనే ప్రోగ్రామరు దాన్ని 2001 జులైలో విడుదల చేశాడు. ఇరవై ఏళ్ళు దాటినా దాని మౌలిక స్వరూపం నేటికీ నిలిచి ఉంది కాబట్టి కాస్త వివరంగా చూద్దాం.

ముక్కలు, ముద్రలు

పంచదలచిన ఫైలును ముందుగా సమానమైన ముక్కలుగా విభజిస్తారు. ముక్కకు 256 కిలోబైట్లు అనుకుంటే 700 మెగాబైట్ల ఫైలు 2,800 ముక్కలవుతుంది. ఆ పిమ్మట ప్రతి ముక్కకూ ఒక ముద్ర గణిస్తారు. ఇంగ్లీషువారు హ్యాష్ అనే ఈ ముద్ర ఒక గణిత ప్రక్రియ ఫలితం. ముక్క ఎంత పెద్దదైనా ముద్ర పొడవు మాత్రం 20 బైట్లే. ముక్కలో ఒక్క అక్షరం మారినా ముద్ర గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. ముద్రను చూసి ముక్కను తిరిగి తయారు చేయడం సాధ్యం కాదు. ముక్క చేతిలో ఉంటే మాత్రం ముద్ర సరిపోయిందో లేదో చిటికెలో తేల్చవచ్చు.

ఈ 2,800 ముద్రలనూ, ఫైలు పేరును, పరిమాణాన్ని కలిపి చిన్న ఫైలుగా రాస్తే అదే టొరెంట్ ఫైలు. మన లెక్కలో దాని పరిమాణం సుమారు 55 కిలోబైట్లు మాత్రమే. అందులో సినిమా ఉండదు, పాట ఉండదు, పుస్తకమూ ఉండదు. అది పెళ్ళి సామాను జాబితా వంటిది. జాబితా చేతిలో ఉంటే వచ్చిన ప్రతి వస్తువునూ సరిచూసుకోవచ్చు.

ఈ సరిచూసుకోవడం ఎందుకంత అవసరమో తాటాకు గ్రంథాల చరిత్ర తెలిసినవారికి వేరే చెప్పనక్కరలేదు. ఒక ప్రతిని చూసి మరొకటి, దాన్ని చూసి ఇంకొకటి రాసుకుంటూ పోయేటప్పుడు ఒక లేఖకుని పొరపాటు తరువాతి ప్రతులన్నిటికీ సంక్రమించేది. పందొమ్మిదవ శతాబ్దంలో సి. పి. బ్రౌన్ కడపలో పండితులను నియమించి, ఒకే కావ్యానికి అనేక ప్రతులు సేకరించి, పోల్చి, శుద్ధ పాఠం రాయించవలసి వచ్చింది అందుకే. మూలకర్త ప్రతి పద్యానికీ ముద్ర ఒకటి గణించి విడిగా రాసి ఉంచితే బ్రౌన్ దొరకు అంత శ్రమ ఉండేది కాదు. బిట్‌టొరెంట్‌లో ముక్క ఏ దేశం నుంచి వచ్చినా, ఇచ్చినవాడు ఎవడో తెలియకపోయినా, ముద్ర సరిపోకపోతే కంప్యూటరు దాన్ని పారవేసి మరొకరిని అడుగుతుంది. అపరిచితుల మధ్య ఈ వ్యవహారం సాగడానికి కారణం పరస్పర విశ్వాసం కాదు, ఈ తనిఖీ. తొలుత వాడిన షా-1 అనే ముద్ర ప్రక్రియను మోసగించవచ్చునని 2017లో గూగుల్, నెదర్లాండ్స్‌లోని సి.డబ్ల్యు.ఐ. పరిశోధకులు చేసి చూపారు. బిట్‌టొరెంట్ రెండవ రూపంలో అంతకంటె బలమైన షా-256 వాడుతున్నారు.

ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. ముద్ర సరిపోయిందంటే జాబితాలో రాసిన వస్తువే వచ్చిందని అర్థం. ఆ వస్తువు మంచిదని కాదు. జాబితా రాసినవాడే సినిమా పేరుతో వైరస్ పెట్టి ఉంటే, ఆ వైరస్ ఒక్క అక్షరం కూడా చెడకుండా మీ ఇంటికి చేరుతుంది.

ఎవరి వద్ద ఏముంది?

ముక్కలు ఎవరి వద్ద ఉన్నాయో తెలియాలి గదా. మొదట్లో దీనికి ట్రాకరు అనే చిన్న సర్వరును వాడేవారు; ఇప్పటికీ కొన్ని చోట్ల వాడుతున్నారు. అది ముక్కలను తాకదు. ఈ ఫైలు కోసం ప్రస్తుతం ఎవరెవరు కూడి ఉన్నారో వారి ఇంటర్నెట్టు చిరునామాలను మాత్రం చెబుతుంది. అలా కూడినవారి సముదాయాన్ని తేనెటీగల పటాలంతో పోల్చి స్వార్మ్ అన్నారు. మనం గుంపు అందాం.

ట్రాకరు కూడా ఒక కేంద్రమే కాబట్టి దాన్ని కూడా వదిలించుకునే మార్గం తరువాత వచ్చింది. 2002లో పెటార్ మేమౌంకోవ్, డేవిడ్ మాజియేర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు కడెమ్లియా అనే పద్ధతిని ప్రతిపాదించారు. 2005 నుంచి బిట్‌టొరెంట్ దాన్ని ఆధారం చేసుకుంది. ఆ పద్ధతి ఇది. గుంపులన్నిటిలోని ప్రతి కంప్యూటరూ తనకొక పొడవైన సంఖ్యను పేరుగా పెట్టుకుంటుంది. టొరెంట్ ముద్ర కూడా అంతే పొడవున్న సంఖ్య. ఏ కంప్యూటర్ల పేర్లు ఆ ముద్రకు సంఖ్యాపరంగా అతి దగ్గరగా ఉన్నాయో, ఆ ఫైలు కోరేవారి చిరునామాలు రాసి ఉంచే బాధ్యత వాటిది. కొత్తగా వచ్చినవాడు తనకు తెలిసిన ఒక యంత్రాన్ని అడుగుతాడు. ‘నాకు తెలియదు గాని, నాకంటె దగ్గరివాడు ఫలానా’ అని అది చెబుతుంది. ఒక్కొక్క ప్రశ్నతో మిగిలిన దూరం కనీసం సగానికి తగ్గుతుంది. సగానికి సగం చేసుకుంటూ పోతే పది లక్షల యంత్రాల మధ్యనైనా ఇరవై ప్రశ్నలలో గమ్యం చేరవచ్చు. టెలిఫోను డైరెక్టరీని చించి ఊరంతటికీ తలా ఒక కాగితం పంచినా, ఎవరి నెంబరు కావాలన్నా దొరుకుతుందన్నమాట. నటెల్లా చాటింపుకూ దీనికీ ఎంత భేదమో చూడండి. నా దృష్టిలో ఈ విద్య మొత్తంలో ఇంతకంటె అందమైన ఆలోచన మరొకటి లేదు. దీనివల్లనే నేడు టొరెంట్ ఫైలు కూడా అవసరం లేకుండా, ముద్ర ఒక్కటే రాసి ఉన్న మ్యాగ్నెట్ లింకుతో పని మొదలవుతుంది.

గుంపులో చేరాక ఏ ముక్కను ముందు అడగాలి? వరుసగా ఒకటి, రెండు, మూడు అని అడగడం సహజంగా తోస్తుంది. కాని అది చేటు. మన సంచిక ఉదాహరణలో 61 నుంచి 70 వరకు పేజీలు ఒక్క జురాంగ్ కుటుంబం వద్దనే ఉన్నాయనీ, వారు సెలవులకు విజయవాడ వెళ్ళిపోయారనీ అనుకోండి. కార్యదర్శి గారూ ఊళ్ళో లేకపోతే తక్కిన తొమ్మిది కుటుంబాలూ తొంభై పేజీల దగ్గర నిలిచిపోతాయి. అందువల్ల గుంపులో ఏ ముక్క అతి తక్కువ మంది దగ్గర ఉందో దాన్నే ముందుగా అడగాలని కోహెన్ నియమం పెట్టాడు. అరుదైనది ఆ అడగడం వల్లనే అరుదుతనాన్ని కోల్పోతుంది.

ఇక రెండవ ప్రశ్న. ఇవ్వకుండా తీసుకుపోయేవారిని ఏం చేయాలి? నోముల్లో వాయనాలు ఇచ్చిపుచ్చుకునే మన ఇళ్ళలో ఈ ప్రశ్న కొత్తది కాదు. కోహెన్ మొదట రాసిన ప్రోగ్రాములో ప్రతి కంప్యూటరూ సాధారణంగా నలుగురికి మాత్రమే ముక్కలు పంపుతుంది. తనకు ఎక్కువ వేగంతో ఇస్తున్నవారినే ఆ నలుగురిగా ఎన్నుకుంటుంది. పది సెకన్లకొకసారి ఆ ఎన్నికను తిరిగి చూసుకుంటుంది. అయితే కొత్తగా వచ్చినవాడి చేతిలో ఇవ్వడానికి ఏమీ ఉండదు. ఈ నియమం ఒక్కటే ఉంటే వాడు ఎప్పటికీ గుమ్మం బయటే నిలబడాలి. అందుకని ప్రతి 30 సెకన్లకొకసారి ఎవరో ఒకరికి, అర్హత చూడకుండా, ఒక అవకాశం ఇస్తారు. పిసినారితనానికి శిక్ష, కొత్తవాడికి దయ, రెండూ కలిసిన నియమం ఇది. ఫైలు పూర్తిగా చేరిన తరువాత కూడా గుంపులో నిలిచి ఇతరులకు ఇచ్చేవారిని సీడరు అంటారు, విత్తనం వేసేవాడని. ఇంకా తీసుకునే దశలో ఉన్నవాడికి లీచరు అని పేరు స్థిరపడింది. జలగ అని దాని అర్థం. కొంత ఇస్తూనే ఉన్నవాడిని కూడా జలగ అనడం అన్యాయమే గాని, పేర్లు పెట్టేవారు అన్నీ ఆలోచించి పెట్టరు.

మన ఇంటి తీగ

1990లలో టెలిఫోను తీగ మీద నడిచిన 56 కిలోబిట్ల మోడెముతో ఇందాకటి 700 మెగాబైట్ల ఫైలు తెచ్చుకోవాలంటే, తీగ ఎక్కడా తెగకుండా సుమారు 28 గంటలు పట్టేది. ఆ తరువాతి ఎ.డి.ఎస్.ఎల్. కాలంలో తెచ్చుకునే వేగం పెరిగినా పంపే వేగం తక్కువగానే ఉండేది. ఇచ్చే వేగమే ఆయువుపట్టయిన పీర్ టు పీర్ పద్ధతికి అది ఇరుకు దారి. సింగపూరులో 2010 నుంచి ఇళ్ళకు దేశవ్యాప్త ఫైబరు అందడం మొదలైన తరువాత ఆ ఇరుకు తొలగింది. ఈ ద్వీపంలోని హెచ్.డి.బి. ఇంటి కంప్యూటరు ఒకటి, ఒకనాటి విశ్వవిద్యాలయం సర్వరు కంటె ఎక్కువ పంపగలదు.

ఇంటి రౌటరు విషయం కూడా చెప్పుకోవాలి. మన ఇంట్లో కంప్యూటరు, నాలుగు ఫోన్లు, టీవీ ఉన్నా, బయటి లోకానికి సాధారణంగా ఒకే ఇంటర్నెట్టు చిరునామా కనబడుతుంది. లోపల ఎవరు ఏది అడిగారో రౌటరు గుర్తుంచుకుని పంచుతుంది. బయటివారికి తెలిసేది ఇల్లు మాత్రమే; ఇంట్లోని మనిషి కాదు. ఇది సాంకేతిక వివరంగా కనబడుతుంది గాని, దీని పర్యవసానం న్యాయస్థానం దాకా వెళ్ళింది.

ఆడెక్స్ వ్యవహారం

సింగపూరులో జపాను యానిమే చిత్రాలను పంపిణీ చేసే ఆడెక్స్ అనే కంపెనీ 2007లో, బిట్‌టొరెంట్ ద్వారా ఆ చిత్రాలను తెచ్చుకున్నవారి మీద చర్యలకు దిగింది. పనిని గమనించడానికి బేటీఎస్పీ అనే అమెరికన్ సంస్థను నియోగించింది. ఇందులో గూఢచర్యమేమీ లేదు. గుంపులో చేరిన ఎవరికైనా తక్కినవారి చిరునామాలు తెలియవలసిందే. తెలియకపోతే ముక్కలు పంపుకోవడం ఎలా? గమనించేవారు తామూ గుంపులో చేరి, ఏ చిరునామా నుంచి ఏ సమయంలో ఏ ముక్క లభిస్తున్నదో రాసుకుంటారు. చిరునామా నుంచి మనిషి పేరుకు వెళ్ళడానికి ఇంటర్నెట్టు కంపెనీల లెక్కల పుస్తకం కావాలి. ఆడెక్స్ కోర్టు ఉత్తర్వులతో సింగ్‌నెట్, స్టార్‌హబ్ ఖాతాదారుల వివరాలు సంపాదించి, మూడు వేల నుంచి అయిదు వేల డాలర్ల దాకా చెల్లించమని అనేకులకు ఉత్తరాలు పంపింది. పసిఫిక్ ఇంటర్నెట్ మాత్రం ఎదురు నిలిచింది. 2007 ఆగస్టులో జిల్లా కోర్టు ఆడెక్స్ కోరికను నిరాకరించింది. 2008 జనవరిలో హైకోర్టు, ఆడెక్స్‌కు కాక, హక్కుదారులైన జపాను సంస్థలకు ఆ వివరాలు ఇవ్వాలని తీర్పు చెప్పింది. 2015లో ‘డల్లాస్ బయ్యర్స్ క్లబ్’ అనే హాలీవుడ్ చిత్రం విషయంలోనూ ఇక్కడి ఖాతాదారులకు ఇటువంటి ఉత్తరాలే వచ్చాయి.

చాలామంది అపోహ ఏమంటే, ‘నేను చూసుకోవడానికి తెచ్చుకున్నాను, ఎవరికీ అమ్మలేదు గదా’ అని. మొదట గుర్తుంచుకోమన్న విషయం ఇక్కడ పనికి వస్తుంది. టొరెంట్‌తో తెచ్చుకునేవాడు తెచ్చుకుంటున్న ఆ క్షణంలోనే పంచుతున్నాడు. తాను మీట నొక్కకపోయినా ప్రోగ్రాము ఆ పని చేస్తుంది. చేయకపోతే అతనికీ ముక్కలు సరిగా రావు. వీడియో క్యాసెట్టు అద్దెకు తెచ్చుకున్న రోజుల్లో చూసేవాడు వేరు, దొంగ ప్రతులు తీసి అమ్మేవాడు వేరు. ఇక్కడ ఇద్దరూ ఒకరే. లాభాపేక్ష లేకపోయినా, బుద్ధిపూర్వకంగా, చెప్పుకోదగ్గ స్థాయిలో జరిగిన కాపీరైటు ఉల్లంఘన నేరమయ్యేటట్లు సింగపూరు చట్టాన్ని 2005 జనవరి 1 నుంచే మార్చారు. 2021 నవంబరులో దాని స్థానంలో కొత్త కాపీరైటు చట్టం అమలులోకి వచ్చింది.

ఉత్తరం ఎవరి పేర వస్తుంది? ఖాతా ఎవరి పేరున ఉంటే వారి పేర. మన తెలుగువారి ఇళ్ళలో దీన్ని ప్రత్యేకంగా ఆలోచించాలి. ఉద్యోగానికి కొత్తగా వచ్చిన నలుగురైదుగురు ఒక ఇల్లు అద్దెకు తీసుకుని, ఒకరి పేర ఇంటర్నెట్టు పెట్టించుకుని, ఖర్చు పంచుకోవడం మనలో సర్వసాధారణం. సొంత ఇల్లున్నవారు ఒక గది అద్దెకిచ్చి వైఫై పాస్‌వర్డు చెప్పడమూ మామూలే. శనివారం రాత్రి కొత్త సినిమా ఎవరు తెచ్చారో ఇంట్లో అందరికీ తెలిసినా, బయటికి కనబడేది ఖాతాదారు చిరునామా ఒక్కటే. బడి పిల్లలున్న ఇళ్ళలోనూ అంతే. పిల్లవాడు యానిమే చూశాడు, ఉత్తరం తండ్రికి వచ్చింది.

నిర్మాతల పక్షం కూడా వినాలి. 2013 సెప్టెంబరులో ‘అత్తారింటికి దారేది’ చిత్రంలో సుమారు తొంభై నిమిషాల భాగం విడుదలకు ముందే బయటపడింది. మొదట చేతి నుంచి చేతికి సీడీలుగా, ఆ వెంటనే ఇంటర్నెట్టులో పాకిపోయింది. నిర్మాతలు విడుదలను ముందుకు జరిపి సెప్టెంబరు 27న చిత్రాన్ని థియేటర్లకు తెచ్చారు. అదృష్టవశాత్తు ప్రేక్షకులు ఆదరించారు. కేంద్రం లేని గుంపులోకి ఒకసారి వెళ్ళిన ఫైలును వెనక్కు పిలిచే ఉపాయం ఈ విద్యలో ఎక్కడా లేదు. ట్రాకరును మూయవచ్చు, వెబ్‌సైటును అడ్డగించవచ్చు. 2018లో సింగపూరు హైకోర్టు ఆదేశంతో పదుల కొద్దీ వెబ్‌సైట్లను అలా అడ్డగించారు కూడా. ముక్కలు మాత్రం ఎవరెవరి ఇళ్ళలోనో ఉంటూనే ఉంటాయి.

న్యాయమైన ఉపయోగాలు

ఇంత చదివాక పీర్ టు పీర్ అంటేనే దొంగసొత్తు అనుకోకూడదు. లినక్సు వంటి ఉచిత వ్యవస్థలను పంచే సంస్థలు తమ ఫైళ్ళను టొరెంట్‌గా కూడా ఇస్తాయి, సర్వరు ఖర్చు తగ్గుతుంది కనుక. 2015లో వచ్చిన విండోస్ 10 నుంచి మైక్రోసాఫ్టు తన సవరణలను ఒక కంప్యూటరు నుంచి పొరుగు కంప్యూటరుకు అందించే ఏర్పాటు చేసింది. మీ ఇంట్లో రెండు విండోస్ యంత్రాలుంటే అవి మీకు తెలియకుండానే ఇచ్చిపుచ్చుకుంటూ ఉండవచ్చు.

తెలుగువారికి ఇంతకంటె దగ్గరి ఉదాహరణ ఉంది. చిత్తూరు జిల్లాలో పుట్టి, 1994లో ట్యూరింగ్ పురస్కారం పొందిన రాజ్ రెడ్డి గారి నాయకత్వంలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం పది లక్షల పుస్తకాలను స్కాన్ చేసే పథకం చేపట్టింది. దానితో ముడిపడిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో వేలాది తెలుగు పుస్తకాలు చేరాయి. తరువాతి కాలంలో ఆ వెబ్‌సైటు అందుబాటులో లేకుండా పోయింది. వడ్డించేవాడు ఒక్కడే అయినప్పుడు వచ్చే ప్రమాదం అదే. అప్పటికే ఆ ప్రతులలో పెక్కింటిని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి చేర్చి ఉండడం వల్ల అవి నేటికీ దొరుకుతున్నాయి.

అక్కడున్నంత మాత్రాన అన్నీ స్వేచ్ఛగా పంచదగినవి కావు. కాపీరైటు గడువు భారతదేశంలో రచయిత మరణానంతరం 60 సంవత్సరాలు, సింగపూరులో 70. గురజాడ 1915లో, వీరేశలింగం 1919లో, చిలకమర్తి 1946లో మరణించారు. వారి రచనలకు రెండు లెక్కల ప్రకారమూ గడువు తీరింది. 1962లో మరణించిన గోపీచంద్ విషయంలో 60 ఏళ్ళ లెక్క 2022 చివరితో ముగిసింది. 70 ఏళ్ళ లెక్క 2032 చివరి దాకా సాగుతుంది. విశ్వనాథ సత్యనారాయణ గారు 1976లో మరణించారు కనుక ఏ లెక్కన చూసినా ఆయన రచనలకు ఇంకా సమయముంది.

గడువు తీరిన పుస్తకాన్ని ఈ పద్ధతిలో తెచ్చుకోదలచినవారికి వివరం ఇది. ఇంటర్నెట్ ఆర్కైవ్ 2012 నుంచి టొరెంట్లను ఇస్తోంది. పుస్తకం పేజీలో డౌన్‌లోడు మార్గాల జాబితాలో టొరెంట్ అనే మాట కనబడుతుంది. దాన్ని తెరవడానికి ట్రాన్స్‌మిషన్, క్యూబిట్‌టొరెంట్ వంటి ఉచిత ప్రోగ్రాము ఒకటి చాలు. ఫైలు వస్తుండగా తెర మీద ఎంతమంది సీడర్లున్నారో, మనం ఎంత ఇచ్చామో అంకెలు కనబడతాయి. సినిమా గుంపులో వందల మంది ఉంటే, పాత తెలుగు నవల గుంపులో సాధారణంగా మీరొక్కరే ఉంటారు. ఆఖరి సీడరు కంప్యూటరు కట్టేస్తే మామూలు టొరెంట్ అక్కడితో ఆగిపోతుంది, 2,799 ముక్కలు చేరి ఒక్కటి మిగిలిపోయినా అంతే. ఆర్కైవ్ టొరెంట్లకు ఆ భయం లేకుండా, గుంపులో ఇంకెవరూ లేనప్పుడు ఆర్కైవ్ సర్వర్లే ముక్కలు పంపే ఏర్పాటు ఉంది. మీరు పుస్తకం అందాక కూడా ఆ ప్రోగ్రామును మూయకుండా ఉంచితే, తరువాత అడిగే డాలస్‌లోని పాఠకునికో మెల్బోర్న్ పాఠకునికో కొన్ని పేజీలు మీ ఇంటి నుంచి వెళతాయి.